‘వస్తా’ అంటే ఎప్పుడు?

సుబ్బరత్నం ఏ గడప దాటినా ‘వస్తా’ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో తేల్చడానికి శాసనాధారాలు లేవు. పల్నాటి చరిత్ర రాసినవాళ్ళు కోడిపుంజుల గురించి పేజీలకు పేజీలు రాశారు గానీ, నరసరావుపేట బజారులో కొన్ని దశాబ్దాలుగా నిరాటంకంగా సాగుతున్న ఈ ఆచారం మాత్రం వారి కంటబడలేదు. దొరికినంతవరకు ఉన్న ఆధారాలివి: ఆవిడ కూరగాయల బండివాడితో వస్తా అంది. పళ్ళ డాక్టరు దంతం పీకి పంపిస్తే, దూది కొరికిపట్టుకునే వస్తా అంది. స్థలం తగాదాలో తమ దావాను కోర్టు కొట్టేసిన రోజున, అక్కడి గుమస్తాకి వస్తానని చెప్పి మరీ మెట్లు దిగింది.

“మళ్ళీ ఎందుకే రావడం, అప్పీలుకా?” అన్నాడు భర్త శేషగిరిరావు.

ఇందులో సుబ్బరత్నం సొంత ప్రతిభ ఏమీ లేదని ఒప్పుకోవాలి. మన వైపు బయల్దేరే మనిషి ‘పోతా’ అనకూడదు. అంటే పోయినట్టే. అందుకని పోయేవాళ్ళంతా వస్తామంటారు, ఫోను పెట్టేసేవాళ్ళంతా ఉంటామంటారు. వినేవాళ్ళకు సంగతి తెలుసు కనక ఎవరూ గడియారం చూసుకోరు. ఈ ఏర్పాటుకు ఒక్కటే మినహాయింపు. చావింటికి పలకరింపుకు వెళ్ళినప్పుడు మటుకు వస్తానని చెప్పకూడదు, చప్పుడు చేయకుండా లేచి రావాలి. ఆ ఒక్కచోటే సుబ్బరత్నం నాలుక కరుచుకుని బయటపడేది.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థను ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల ఒక్క మాటతో కూలగొట్టింది.

సుబ్బరత్నానికీ శేషగిరిరావుకూ బజారులో స్టీలు పాత్రల కొట్టు ఉంది. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఆవిడ గిరాకీలతో మాట్లాడుతుంది, కొన్న గిన్నెల మీద పేర్లు కొడుతుంది. ఒకరోజు రోహిణి అనే అమ్మాయి గ్లాసులు కొనడానికొచ్చి, కొట్టులో ఆవిడ మాట్లాడే తీరు చూసి ముచ్చటపడింది. ఆ అమ్మాయి విజయవాడలో ఒక సేవాసంస్థలో పనిచేస్తుంది.

“మీ ఊరి హాస్టల్లో ఉండే ఆడపిల్లలకి తోడుగా పెద్దవాళ్ళు కావాలాంటీ. ఒక్కొక్కరికి ఒక్క పిల్ల. ప్రతి ఆదివారం వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే చాలు. మెంటర్ అంటారు.”

“మెంటరో, మెంటలో,” అన్నాడు శేషగిరిరావు గల్లాపెట్టె వెనకనించి. “నీకు సరిగ్గా సరిపోయింది. వెళ్ళు.”

వెళ్ళింది. ముందు ఒక రోజంతా ఏసీ హాల్లో శిక్షణ ఇచ్చారు. పిల్ల చెప్పేది వినాలి. సలహాలివ్వకూడదు. బహుమతులివ్వకూడదు. కుక్కరు కొన్న గిరాకీకి కోడల్ని ఎట్లా దారిలో పెట్టుకోవాలో కూడా ఉచితంగా చెప్పి పంపే మనిషికి మొదటి రెండూ ప్రాణసంకటాలు. మూడోది మాత్రం వ్యాపార ధర్మానికి బాగా దగ్గరగా ఉందనిపించింది. నాలుగో సూత్రాన్ని తెర మీద ఎర్ర అక్షరాల్లో చూపించారు. మాట ఇస్తే తప్పకూడదు.

“పిల్లల నమ్మకం గాజుగ్లాసు లాంటిది,” అంది రోహిణి గొంతు తగ్గించి. “ఒకసారి పగిలితే అతకదు.”

“అందుకేనమ్మా మేం గాజు అమ్మం,” అంది సుబ్బరత్నం. హాలంతా నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అనలేదు.

ఆవిడ వంతుకు వచ్చిన పిల్ల పేరు కవిత. బొల్లాపల్లి అవతల ఊరు. వానలు పడితే పంట, లేకపోతే వలస. అమ్మ కోటమ్మ, నాన్న నాగయ్య హైదరాబాదులో బిల్డింగు పనులకు వెళ్ళారు. వెళ్ళేముందు కోటమ్మ పిల్లని హాస్టల్ గేటు దగ్గర దింపి “దసరాకొస్తా” అంది. దసరా వచ్చింది. కోటమ్మ రాలేదు. అప్పటినించి ఆ పిల్ల ఎవరేం అడిగినా ‘ఊఁ’ అనడమే. ఆ ఊఁ కూడా ఎదుటివాళ్ళకి వినపడాలన్న ఉద్దేశం లేనట్టు ఉండేది.

మొదటి ఆదివారం రెండు గంటలూ సుబ్బరత్నమే మాట్లాడింది. వినడం అనే సూత్రం ఆ పూట గంగలో కలిసింది. చివరికి అలిసిపోయి, కొంగు దులుపుకుని లేచి, అలవాటు ప్రకారం “వస్తానే తల్లీ” అంది.

“ఎప్పుడు?” అంది కవిత.

“ఏందే?”

“వస్తానన్నారుగా. ఎప్పుడు?”

సుబ్బరత్నం నోరు తెరిచింది గానీ లోపల సరుకు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాటకు ఎవరూ ఆవిడను తేదీ అడగలేదు. బండివాడు అడగలేదు. గుమస్తా అడగలేదు.

“ఆదివారం,” అంది.

“ఏ ఆదివారం?”

“వచ్చే ఆదివారమేనే.”

“ఎన్నింటికి?”

దావాలో అవతలివాళ్ళ ప్లీడరు కూడా ఇట్లా నిలదీయలేదు. “పదింటికి,” అంది సుబ్బరత్నం ఓడిపోయిన గొంతుతో.

“ఊఁ,” అంది కవిత. ఈసారి వినపడింది.

ఆ ఆదివారం పదింటికి కవిత గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. నవ్వలేదు, పలకరించలేదు. వచ్చిందా లేదా అని చూసుకుని లోపలికి దారితీసింది. ఆ తర్వాత వారమూ అంతే. ఒక ఆదివారం కుండపోత వాన. ఆటోవాడు రానన్నాడు. సుబ్బరత్నం కుక్కరు డబ్బా మీది ప్లాస్టిక్ కవరు తలకు చుట్టుకుని, శేషగిరిరావు స్కూటరు వెనక కూర్చుని, ఆయన తిట్టే తిట్లన్నీ వింటూ వచ్చింది. గేటు దగ్గర ఆ అవతారం చూసి కవిత మొట్టమొదటిసారి నవ్వింది. ఆ రోజే అడిగింది.

“ఆంటీ, మీరేం చేస్తారు?”

“పేర్లు కొడతానే.”

“పేర్లనెందుకు కొడతారు? అవేం చేసినయ్?”

దీనికి నోటితో జవాబు చెప్పలేక, తర్వాతి వారం సుబ్బరత్నం పేర్లు కొట్టే మిషను సంచీలో వేసుకొచ్చింది. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. ప్లగ్గు పెడితే జుయ్యిమంటుంది. మొన స్టీలుకు తగిలించి రాస్తే అక్షరం పడుతుంది. వెంట నాలుగు సొట్టగ్లాసులు కూడా తెచ్చింది. బహుమతులు ఇవ్వకూడదు కదా అని రోహిణికి ముందే ఫోను చేసి, “బహుమతి కాదమ్మా, తుక్కు” అని హామీ ఇచ్చింది.

స్టీలు నున్నగా ఉంటుంది, మొన జారుతుంది. కవిత కొట్టిన మొదటి ‘క’ పీతలా వచ్చింది. సుబ్బరత్నం సలహా ఇవ్వకుండా ఉండటానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగో గ్లాసు నిండేసరికి పీత అక్షరంగా మారింది. తర్వాతి వారాల్లో అక్షరం ముత్యమైంది. ముప్పై ఏళ్ళు కొట్టిన సుబ్బరత్నం చేతికి కూడా రాని వంపు ఆ పిల్ల కొమ్ములో, దీర్ఘంలో ఉండేది. అది చూసి ఆవిడకు కాస్త అసూయ కలిగిందని కూడా రాయాల్సి ఉంది.

హాస్టల్లో ప్లేట్లన్నీ ఒకే రకం. అన్నం బెల్లు మోగిందంటే ‘ఇది నాది’ అంటే ‘ఇది నాది’ అని రోజూ యుద్ధమే. కవిత తన ప్లేటు మీద పేరు కొట్టుకున్న మర్నాటినించి ఆ యుద్ధంలో ఆమెకు ప్రవేశం లేకుండా పోయింది. అది చూసి మిగతా పిల్లలు ప్లేట్లు పట్టుకుని ఆదివారం వరండాలో వరస కట్టారు. ఊఁ తప్ప అనని పిల్ల ఇప్పుడు దర్బారు నడిపింది.

“ఏమే, కదలమాక. నీ పేరు వంకరపోతే పెళ్ళిదాకా వంకరే.”

“నాది ఇంగ్లీషులో కొట్టవే,” అంది షెర్లీ అనే పిల్ల.

“ఇంగ్లీషైతే అక్షరాలు చానా ఎక్కువే. అన్నం ఏడ బెట్టుకుంటావ్?”

వరండా అంతా నవ్వు. కవిత తల ఎత్తకుండానే, “నువ్వు పక్కకి జరుగు పెద్దమ్మా, వెలుతురు ఆపుతున్నావ్” అంది.

సుబ్బరత్నం జరిగింది. ‘ఆంటీ, మీరు’ పోయి ‘పెద్దమ్మా, నువ్వు’ వచ్చిందన్న సంగతి ఇంటికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాక తట్టింది. పాలు పొంగిపోయాయి. ఆవిడ చూస్తూ నిలబడింది.

తర్వాత తెచ్చిన సొట్టగ్లాసుల్లో ఒకదాని మీద కవిత ‘సుబ్బరత్నం పెద్దమ్మ’ అని కొట్టి, తన ట్రంకుపెట్టెలో దాచింది. ఆదివారం ఆవిడకు అందులోనే నీళ్ళిచ్చేది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పోయేముందు సుబ్బరత్నం తన ఫోన్లోంచి కోటమ్మకు కలిపి ఇస్తే, తల్లితో కూడా ఈమధ్య ఊఁ కాక నాలుగు మాటలు మాట్లాడుతోంది. రోహిణి ఒకసారి వచ్చి ఇదంతా వీడియో తీసుకుని, “ఆంటీ, ఇదే మాకు కావాల్సింది” అని కౌగిలించుకుని వెళ్ళింది. ఎందుకు కావాలో సుబ్బరత్నం అడగలేదు.

అప్పుడు హాస్టల్ వార్డెన్ గ్రేసుకు ఒక ఆలోచన వచ్చింది. వంటింట్లో కొత్త గుండిగ కొన్నారు, అందరికీ అన్నం వండే పెద్దది. దానిమీద హాస్టల్ పేరు కొట్టించాలి. కొడితే కవితే కొట్టాలి. ఈ వార్త హాస్టలంతా పాకింది. కవితకు ఆ రాత్రి అన్నం సహించలేదట.

“అంత పెద్దదాని మీద నాకు చెయ్యి ఆడదు పెద్దమ్మా. గుండ్రంగా ఉంటది. అక్షరాలు దిగజారితే అందరూ రోజూ చూస్తారు. నువ్వు పక్కనుంటే కొడతా.”

“నేను రాకుండా ఎట్టా కొడతావే, మిషను నా దగ్గరుంటే? వస్తా.”

“ఆదివారం?”

“ఆదివారం. పదింటికి.”

మాట ఇచ్చి వచ్చిన ఆ వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నం, కొట్టులో గిరాకీకి పళ్ళెం తూకం వేస్తుండగా ఫోను మోగింది. వాట్సాప్. ‘ప్రియమైన మెంటర్లకు. మన జిల్లాలో మొదటి దశ విజయవంతంగా ముగిసింది. రెండో దశ వేరే జిల్లాలో ప్రారంభం కానుంది. ఇకనించి హాస్టల్ సందర్శనలు ఉండవు. మీ సేవలకు కృతజ్ఞతలు.’ కింద దండం పెట్టే చేతులు మూడు. ఆ కింద సర్టిఫికెట్. అందులో సుబ్బరత్నం పేరు తప్పు పడింది. పేర్లు కొట్టడమే వృత్తిగా ఉన్న మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా ఆ క్షణాన ఆవిడ దాన్ని లెక్కచేయలేదు. రోహిణికి ఫోను చేసింది.

“ముగియడం ఏందమ్మా? ఆదివారం పిల్ల గుండిగ కొట్టాలి. వస్తానని చెప్పొచ్చా.”

“నాకూ బాధగానే ఉందాంటీ. పైనించి వచ్చిన నిర్ణయం. పిల్లలకి క్లోజర్ ప్లాన్ చేశాం.”

“అంటే?”

“అంటే... మెల్లగా చెప్పి ముగించడం.”

“ఎవరు చెప్తారు?”

“వార్డెన్ గారు చెప్తారాంటీ. మీరేం టెన్షన్ పడకండి. ఉంటానాంటీ.”

ఫోను పెట్టేసింది. ‘ఉంటా’ అన్న మాట చెవిలో కాసేపు ఉండిపోయింది. ఆవిడ జీవితంలో వెయ్యిసార్లు విన్న మాటే. దాని అర్థం ఆ రోజే మొదటిసారి విన్నట్టయింది.

ఆదివారం అయినా వెళ్ళింది, మిషను సంచీతో. గేటు దగ్గర గ్రేసు అడ్డం నిలబడింది. మనిషి చెడ్డది కాదు. ఆ పూట కళ్ళెత్తి చూడలేకపోయింది.

“పర్మిషను ఆ సంస్థ పేరు మీదుంది రత్నమ్మగారూ. చుట్టాలనైతే నెలకొకసారి రానిస్తాం గానీ, ఆళ్ళే వద్దన్నాక బయటోళ్ళని ఆడపిల్లల హాస్టల్లోకి రానిస్తే నా ఉద్యోగం పోద్ది.”

“నేను బయటిదాన్నా?”

గ్రేసు గేటు గడియ సరిచేసింది.

“పోనీ పిల్లని పిలువమ్మా. ఒక్క మాట చెప్పి పోతా.”

“చెప్తే ఏడుస్తది. పరీక్షలున్నయ్. మేం చూసి చెప్తాంలెండి.”

గేటు చువ్వల్లోంచి వరండా కనిపిస్తోంది. గుండిగను ఎవరో తోమి తళతళలాడించి బోర్లించారు. పక్కన పీట వేసి ఉంది. ప్లగ్గు బోర్డు దాకా వైరు కూడా లాగి సిద్ధంగా పెట్టారు. ఆ ఏర్పాటంతా ఎవరిదో సుబ్బరత్నానికి వేరే చెప్పక్కర్లేదు. పిల్ల మాత్రం కనపడలేదు, లోపల ఎక్కడో ఉంది. గట్టిగా పిలిస్తే వినపడేది. నలుగురిలో గొడవెందుకని ఆవిడ పిలవలేదు. వెనుదిరుగుతూ, నోరు ఊరుకోక, “వస్తానమ్మా” అంది గ్రేసుతో. అన్నాక తన నోటిని తనే కొట్టాలనిపించింది.

గ్రేసు చూసి చెప్తానంది గానీ చూడనూ లేదు, చెప్పనూ లేదు. ఒకటి రెండు వారాలు గడిచాయి. సుబ్బరత్నం కొట్టులో ఎవరికీ సలహాలివ్వడం లేదని బజారులో కంగారు పుట్టింది. “ఒంట్లో బాగుండలేదా?” అని గిరాకీలు శేషగిరిరావును చాటుగా అడిగారు. చివరికి ఆవిడే కోటమ్మ నంబరుకు ఫోను చేసింది. అటువైపు కాంక్రీటు కలిపే మిల్లరు మోత.

“మా పిల్ల మొన్న వార్డెనమ్మ ఫోన్లోంచి మాట్టాడింది,” అంది కోటమ్మ. “ఏడ్చింది. నువ్వు కూడా రాలేదంటగా.”

‘నువ్వు కూడా’ అన్న మాట దగ్గర సుబ్బరత్నం ఆగిపోయింది. మొదట రానిది కోటమ్మ, తర్వాత తను. ఆ వరసలో నిలబడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ ‘కూడా’ అంటున్నప్పుడు కోటమ్మ గొంతు ఆవిడను తిట్టడం లేదు. తనకింకో తోడు దొరికినట్టుంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“నన్ను రానియ్యలేదు కోటమ్మా. చుట్టాలనైతేనే రానిస్తారంట, నెలకొకసారి.”

“అంతేగా? మా అక్కవని చెప్తాలే. ఇంటిపేరేంది మీది?”

కోటమ్మ గ్రేసుకు ఫోను చేసి చెప్పింది. చుట్టాలను రానిచ్చేది నెలలో రెండో ఆదివారం. ఆ రోజు సుబ్బరత్నం గేటు దగ్గర నిలబడితే గ్రేసు పైనించి కిందికి చూసింది. ఒంటిమీద నేత చీర, చేతికి బంగారు గాజులు.

“మీకు బొల్లాపల్లి అవతల చెల్లెలుందని నాకు తెలవదే రత్నమ్మగారూ.”

“నాకూ మొన్ననే తెలిసిందమ్మా,” అంది సుబ్బరత్నం.

గ్రేసు నవ్వు ఆపుకుని గేటు తీసింది.

వరండాలో గుండిగ ఉంది. దానిమీద ఎర్ర పెయింటుతో హాస్టల్ పేరు. పెయింటరు ఎవరో గానీ అక్షరాలు దిగజారాయి. కవిత నెమ్మదిగా వచ్చి కొంచెం దూరంలో కూర్చుంది.

“బాగున్నావా?”

“ఊఁ.”

“గుండిగ...”

“పెయింటరు రాశాడు.”

సుబ్బరత్నం దగ్గర సాక్ష్యాలన్నీ ఉన్నాయి. వాట్సాప్ మెసేజీ ఉంది, తప్పు పేరున్న సర్టిఫికెట్ ఉంది, గ్రేసు పక్కగదిలోనే ఉంది. ఫోను తీసి, “చూడవే, ఆ సంస్థవాళ్ళు...” అని మొదలుపెట్టింది.

“మీరు వస్తానన్నారు,” అంది కవిత.

మీరు.

సుబ్బరత్నం ఫోను సంచీలో పడేసింది. “వచ్చా. గేటు దాకా వచ్చా. లోపలికి రానియ్యలా. గట్టిగా పిలిస్తే నీకు వినపడేది. పిలవకుండా పోయా.”

“గేటు దాకా వచ్చారా?”

“వచ్చా.”

“నాకెవరూ చెప్పలా,” అంది కవిత గుండిగ వైపు చూస్తూ. లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది.

అదే సొట్టగ్లాసు. సుబ్బరత్నం చేతిలో తిప్పి చూసింది. పేరుండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. స్టీలు మీద కొట్టిన పేరు చచ్చినా పోదని ఆవిడ ఎంతమంది గిరాకీలకు చెప్పిందో లెక్కలేదు. పోతుంది. ఇటుకపొడితో కూర్చుని, చెయ్యి మంటలు పుట్టేదాకా, రోజులకు రోజులు రుద్దితే పోతుంది. ఆ పిల్ల రుద్దింది. ఒక్క చివరి ‘మ్మ’ మాత్రం సగం మిగిలింది. అది ఎంత రుద్దినా పోలేదో, చేతులు రాక వదిలేసిందో ఆవిడ అడగలేదు. తాగి, “నీళ్ళు చల్లగా ఉన్నయ్” అంది. చల్లగానే ఉన్నాయి.

మిగతా సమయమంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వినడం అనే సూత్రం ఆ రోజు పూర్తిగా అమలైంది. గ్రేసు బెల్లు కొట్టగానే సుబ్బరత్నం లేచింది. ‘వ’ అని పెదవి దాకా వచ్చిన అక్షరాన్ని మింగేసింది. చప్పుడు చేయకుండా, చావింట్లోంచి వచ్చినట్టు, తల వంచుకుని గేటు దాకా నడిచింది.

“పెద్దమ్మా!”

తిరిగి చూసింది. కవిత వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. కోపంగానే ఉంది.

“చెప్పకుండా పోతున్నావేంది? ఇక్కడెవరన్నా సచ్చారా?”

“ఏం చెప్పమంటావే?”

“ఎప్పుడూ చెప్పేదే.”

“వస్తా,” అంది సుబ్బరత్నం.

“ఎప్పుడు?”

“నెలకొకసారేనంటనే. మళ్ళీ నెల రెండో ఆదివారం.”

“ఎన్నింటికి?”

“పదింటికి.”

“ఊఁ,” అంది కవిత.

ఆ రెండో ఆదివారం నరసరావుపేట బజారు చరిత్రలో నిలిచిపోదగ్గది. శేషగిరిరావు ఎవరూ బతిమాలకుండానే పొద్దున్నే కొట్టు మూశాడు. స్కూటరు తుడిచాడు. సుబ్బరత్నం మిషను సంచీలో పెట్టింది, కొత్త సొట్టగ్లాసు ఒకటి వెతికి పెట్టింది, అది సరిపడా సొట్టగా లేదని మార్చింది. దారి పొడుగునా, పిల్ల గేటు చువ్వలు పట్టుకుని నిలబడి ఉంటే మొదట ఏమనాలో, అసలు ముందు తనే నవ్వొచ్చో లేదో ఆలోచించుకుంది. పది కాకముందే చేరారు.

గేటు దగ్గర ఎవరూ లేరు. వరండాలోనూ లేరు.

“ఏదే నీ చెల్లెలి కూతురు?” అన్నాడు శేషగిరిరావు.

సుబ్బరత్నం సంచీ గట్టిగా పట్టుకుంది. ఇంతలో గ్రేసు వచ్చి, చేత్తో పెరటి వైపు చూపించింది. ఆవిడ ఒక్కతే గోడ పక్కనించి నడిచి వెళ్ళింది. అన్ని ఆదివారాలూ పదింటికి గేటు దగ్గర కాచుకున్న కవిత, పంపుల దగ్గర, మోచేతుల దాకా నురగతో, బండకేసి బట్టలు బాదుతోంది.

“కూర్చో పెద్దమ్మా. వస్తా,” అంది తల తిప్పకుండా.

ఎప్పుడు అని అడగబోయి సుబ్బరత్నం ఊరుకుంది. ఆదివారాలు ఆ హాస్టల్లో నీళ్ళు పదిన్నర వరకే వస్తాయి.